ఆరు గీతల గ్రంథం ఎవరిది?



పెళ్లి కుదురుతుందా, ప్రయాణం కలిసొస్తుందా అని తెలుసుకోవడానికి మనవాళ్లు పంచాంగం తిరగేస్తారు. చైనావాళ్లు ఒక మొక్క కాడలు యాభై తీసుకుంటారు. అందులో ఒకటి పక్కన పెట్టి, మిగిలిన నలభై తొమ్మిదిని పంచుతూ లెక్కపెడతారు. ఆ లెక్కను బట్టి కింది నుంచి పైకి ఆరు గీతలు గీస్తారు. గీత నిండుగానైనా ఉండాలి, మధ్యలో తెగైనా ఉండాలి. రెండును ఆరుసార్లు హెచ్చవేస్తే 64. ఆ 64 బొమ్మలకూ ఫలితాలు చెప్పే గ్రంథమే 'ఐ చింగ్', అంటే మార్పుల గ్రంథం.

దీన్ని రాసిందెవరు? అక్కడి సంప్రదాయం నలుగురి పేర్లు చెబుతుంది. మూడేసి గీతల ఎనిమిది గుర్తులను కనిపెట్టినవాడు పురాణపురుషుడు ఫూషీ. షాంగ్ రాజు చెరలో ఉండగా 64 బొమ్మలకూ ఫలితాలు రాసినవాడు వెన్ రాజు. ఒక్కొక్క గీతకూ అర్థం రాసినవాడు ఆయన కొడుకు జౌ ప్రభువు. 'పది రెక్కలు' అనే వ్యాఖ్యానాలు కన్ఫ్యూషియస్‌వి.

బ్యాంకులో పనిచేసేవాడికి సంతకం కనిపిస్తే తేదీ కూడా చూడడం అలవాటు. చైనా పండితులూ అదే పని చేశారు. పదకొండో శతాబ్దంలోనే ఔయాంగ్ షియు, పది రెక్కల్లో చాలా భాగం కన్ఫ్యూషియస్‌ది కాదన్నాడు. గురువు చెప్పినట్టుగా అందులో మాటలు వస్తాయి. తన మాటను తానే అలా ఎవరు రాసుకుంటారు? 1929లో గు జియెగాంగ్ మరో సంగతి ఎత్తిచూపాడు. 35వ బొమ్మ ఫలితంలో కాంగ్ సామంతుడి ప్రస్తావన ఉంది. ఆయన వెన్ రాజు కొడుకే, కాని ఆ బిరుదు తండ్రి పోయిన తరువాత వచ్చింది. మరి తండ్రి ఎలా రాసినట్టు?

తవ్వకాలు కూడా సాక్ష్యం చెప్పాయి. 1973లో చాంగ్‌షా దగ్గర మావాంగ్‌దుయ్‌లో, క్రీ.పూ. 168లో మూసిన సమాధిలో పట్టుబట్ట మీద రాసిన ప్రతి దొరికింది. అందులో బొమ్మల వరుసే వేరు! 1994లో షాంఘై మ్యూజియం కొన్న వెదురు బద్దల ప్రతి సుమారు క్రీ.పూ. 300 నాటిది. మూలభాగం క్రీ.పూ. తొమ్మిదో శతాబ్దం చివర్లో ఒక రూపానికి వచ్చి ఉంటుందని చాలామంది పండితుల అంచనా. జోస్యులు తరతరాలుగా దాచుకున్న మాటలు అందులో చేరాయి. అంటే ఇది ఒక్కరి దస్తూరీ కాదు. ఎన్నో చేతులు మారిన పాత లెడ్జరు.

అంతమాత్రాన గ్రంథం విలువ తగ్గిందా? లేదు. వెన్ రాజు పేరు దానికి గౌరవం తెచ్చింది, నిజమే. కాని ఆ పేరు వెనక, అడిగినవాడి కష్టం విని, చెప్పిన జవాబు గుర్తుపెట్టుకున్న జోస్యులు మరుగున పడిపోయారు. పండితుల శ్రమవల్ల వాళ్లకు దక్కాల్సింది కొంతైనా దక్కింది.

ఊరికి దూరంగా స్థిరపడ్డ మనకూ ఇది వర్తిస్తుంది. మన ఇళ్లలో మంగళహారతులు, జోలపాటలు, పొడుపుకథలు నోటుపుస్తకాల్లో ఉన్నాయి. అన్నిటికీ 'పెద్దలు చెప్పినది' అని ఒకటే చిరునామా. ఈ సెలవుల్లో ఆ పుస్తకం తీయండి. ఒక్కొక్క పాట కింద ఎవరి నోట విన్నారో, ఏ ఊళ్లోనో, ఏ సంవత్సరమో రాయండి. రాసినవారి పేరు తెలియకపోతే ఖాళీగా వదలండి. గొప్పవారి పేరు మాత్రం తగిలించకండి. ఖాళీని రేపు మన మనవలు పూరించుకోగలరు. తప్పుడు పేరును చెరపడానికి వందల ఏళ్లు పడుతుంది.