సనదు ఉండియు మరల మొదటి మెట్టేనా?

ఇంద్రియాలన్నింటిలో కన్ను ప్రధానమని మన పెద్దలు చెప్పినారు. ఆ కంటి చూపును కొలిచి, తగిన అద్దాలను నిర్ణయించి, లోపల జబ్బు ఉన్నదని తోచినప్పుడు నేత్రవైద్యుని వద్దకు పంపించే విద్యకు ఆప్టోమెట్రీ అని పేరు. మన ఇండ్లలో ఒకరు కండ్లద్దాలు అంటారు, మరొకరు ఐనక్ అంటారు; రెండింటి వెనుక ఉన్న శాస్త్రం ఇదే. వైద్య కళాశాలలో సీటు దొరకని విద్యార్థులు కొందరు ఈ మధ్య ఈ చదువువైపు మొగ్గుచూపుతున్నారు. వారిలో కొందరి ఆశ అమెరికా వరకు సాగుతున్నది. అయితే అక్కడికి దరఖాస్తు పంపదలచినవారికి మొట్టమొదట తెలియవచ్చే సంగతి ఒకటి ఉన్నది. ఇక్కడ ఆప్టోమెట్రిస్టుగా పట్టా పొందినవాడు అక్కడ ఆప్టోమెట్రిస్టు కాడు. విదేశంలో శిక్షణ పొందినవాడు మాత్రమే. అతడు మరల దరఖాస్తు చేసి, మరల ప్రవేశ పరీక్ష వ్రాసి, మరల విద్యార్థి కావలసి ఉంటుంది. ఇది ఎంతవరకు న్యాయం? ఇందులో మనం సరిదిద్దుకోవలసినది ఏమైనా ఉన్నదా? ఈ రెండు ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసం యొక్క ఉద్దేశ్యం.

ముందుగా ఉన్న పరిస్థితిని తెలుసుకొందాం. మన దేశంలో ఇంటర్మీడియెట్ పిదప ఆప్టోమెట్రీ డిగ్రీ సాధారణంగా నాలుగేండ్ల చదువు. అందులో చివరి ఏడు ఆసుపత్రిలో శిక్షణ. మద్రాసులో ఎలైట్ స్కూల్ ఆఫ్ ఆప్టోమెట్రీ 1985లో ప్రారంభమైంది. హైదరాబాదులో 1987లో వెలసిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ కూడా ఈ విద్యను నేర్పుతున్నది. అమెరికాలోనైతే మొదట కళాశాల చదువు ముగించి, ఆ తరువాత మరి నాలుగేండ్లు చదివినవారికి డాక్టర్ ఆఫ్ ఆప్టోమెట్రీ పట్టా లభిస్తుంది. అక్కడ గుర్తింపు పొందిన విద్యాలయంలో చదివినవారికే మూడు భాగాలుగా జరిగే జాతీయ బోర్డు పరీక్షకు అర్హత. కావున మన నాలుగేండ్ల పట్టా వారి లెక్కలో ఆ చదువుకు ముందుండే డిగ్రీగా మాత్రమే నిలుస్తుంది.

దరఖాస్తు మార్గం కూడా సులభమైనది కాదు. జీవ, రసాయన, భౌతిక శాస్త్రాలలోను, గణితంలోను, చదివి గ్రహించే శక్తిలోను ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఆంగ్ల భాషా పరీక్ష వేరు. మన మార్కుల పత్రాలను ఒక్కొక్క పాఠ్యాంశం వారీగా అమెరికా పద్ధతికి మార్చి చూపే సంస్థల ధ్రువీకరణ వేరు. అనేక విద్యాలయాలు కర్బన రసాయనశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, సాంఖ్యకశాస్త్రంతోబాటు కలన గణితం కూడా చదివి ఉండాలని కోరుతాయి. ఇక్కడే మన విద్యార్థికి చిక్కు వస్తున్నది. బై.పి.సి. చదివినవానికి కలన గణితం లేదు, ఎం.పి.సి. చదివినవానికి జీవశాస్త్రం లేదు. పదహారేండ్ల వయసులో ఎంచుకొన్న గ్రూపు ఇరువదైదేండ్ల వయసులో దారికి అడ్డు నిలుస్తున్నదన్న మాట.

ఈ నిబంధనలు చూచి, మన చదువును వారు చిన్నచూపు చూస్తున్నారని కోపగించుకొనుట తేలిక. కాని వారి పక్షాన ఉన్న కారణాన్ని కూడా ఆలోచించాలి. పేరు ఒకటే అయినా పని ఒకటి కాదు. అమెరికాలోని 50 రాష్ట్రాలలోను ఆప్టోమెట్రిస్టులు కొన్ని కంటి జబ్బులకు స్వయంగా మందులు వ్రాసి ఇచ్చే అధికారం కలిగి ఉన్నారు. మన దేశంలో వారి పని ముఖ్యంగా చూపును పరీక్షించి అద్దాలు నిర్ణయించుట, జబ్బును గుర్తించి డాక్టరు వద్దకు పంపుట. అధికారం ఎక్కువైనచోట అడిగే రుజువు కూడా ఎక్కువగానే ఉంటుంది.

ఇంతకూ మనం మాత్రం చేస్తున్నదేమి? కిర్గిజిస్తాన్, ఫిలిప్పైన్స్, ఉక్రెయిన్ మొదలైన దేశాలలో వైద్యవిద్య చదివి వచ్చిన తెలుగు విద్యార్థులకు 2002 నుండి మన దేశంలో ప్రత్యేక అర్హత పరీక్ష జరుపుతున్నాము. 300 మార్కులకు 150 రానివారికి ఇక్కడ వైద్యం చేసే అనుమతి లేదు. రోగి ప్రాణానికి సంబంధించిన విషయంలో ఈ జాగ్రత్త అవసరమేనని మనమే వాదిస్తాము. ఇతరుల పట్టాను మనం పరీక్షించి, మన పట్టాను మాత్రం ఎవరూ పరీక్షించరాదనుట చెల్లదు.

అయితే పరీక్షించుట వేరు, తుడిచివేయుట వేరు. పాలమూరు కూలీలు దేశమంతట ఆనకట్టలు, కాలువలు కట్టిన సంగతి మనకందరికీ తెలిసినదే. మన ఊరి తాపీపనివాడు బొంబాయికి వలసపోతే, అక్కడి మేస్త్రీ అతనిచేత ఒక గోడ కట్టించి చూస్తాడు. గోడ వంకరగా వస్తే పనిలేదంటాడు. అంతేగాని, నీవు మా ఊరిలో పని నేర్చుకోలేదు కాబట్టి నాలుగేండ్లు తట్ట మోయుమని అనడు. చదువుకొన్నవారి లోకం చదువులేని మేస్త్రీ పాటి వివేకమైనా చూపవలదా?

ఇట్టి వివేకం అసాధ్యమైనది కాదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశాలలో విదేశాల్లో చదివిన ఆప్టోమెట్రిస్టుకు వ్రాత పరీక్ష, రోగిని చూపించి చేయించే పరీక్ష పెట్టి, నెగ్గినవానికి దారి విడిచే పద్ధతి ఉన్నది. అమెరికా కూడా మన ఎం.బి.బి.ఎస్. డాక్టరును మరల వైద్య కళాశాలలో మొదటి ఏట చేరుమని అడుగదు. అతడు వారి పరీక్షలు వ్రాసి, కనీసం మూడేండ్లు ఆసుపత్రిలో రెసిడెన్సీ చేయాలి. అదియు సులభం కాదు. కాని ఆ కాలంలో అతనికి జీతం ముట్టుతుంది. ఆప్టోమెట్రీ విద్యార్థియో ఏటేటా ఫీజు కట్టవలసినవాడే. మన దంతవైద్యులకు సయితం అక్కడి పలు విశ్వవిద్యాలయాలు రెండు మూడేండ్ల కుదించిన చదువును ఏర్పాటు చేసినవి. ఆప్టోమెట్రీకి అట్టి మార్గాలు బహు తక్కువ. బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ కాలేజ్ ఆఫ్ ఆప్టోమెట్రీ విదేశాలలో శిక్షణ పొందినవారికి, వారి పూర్వపు చదువును లెక్కలోకి తీసుకొని, నాలుగేండ్ల కంటే తక్కువ కాలంలో పట్టా ఇచ్చే మార్గాన్ని నడిపింది. ఒకచోట సాధ్యమైనది మరి పదిచోట్ల ఎందుకు కారాదు? పరీక్ష ఎంత కఠినంగానైనా ఉండనిండు, కాని నేర్చినదానిని నేర్చినట్లుగా ఒప్పుకొనండి అని మనం కోరుటలో తప్పులేదని నా అభిప్రాయం.

డాక్టరు చదువుకు దొరికిన మన్నన ఈ చదువుకు ఎందుకు దొరకలేదు? దీనికి సగం కారణం మన ఇంటిలోనే ఉన్నది. వైద్యులకు, దంతవైద్యులకు, నర్సులకు చట్టబద్ధమైన మండళ్ళు ఎప్పటినుండియో ఉన్నవి. 1976లో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం ప్రారంభమైన తరువాత కంటి సహాయకులు ఎందరో తయారైనారు. ఆపైన ఆప్టోమెట్రిస్టులు, విజన్ టెక్నీషియన్లు వచ్చినారు. ఒకరు కొద్దికాలం శిక్షణ పొందినవారు, మరొకరు నాలుగేండ్లు చదివినవారు. అద్దాల దుకాణంలో పని నేర్చుకొన్నవారు సయితం చూపు పరీక్షిస్తున్నారు. వీరిలో ఎవరు ఎవరో స్పష్టంగా చెప్పే కేంద్ర చట్టం 2021 వరకు మనకు లేదు. ఆ ఏడు మార్చిలో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఆప్టోమెట్రిస్టును, కంటి సహాయకుని, విజన్ టెక్నీషియన్‌ను వేర్వేరుగా పేర్కొన్నది. రాష్ట్రాలలో మండళ్ళు, వృత్తిదారుల పట్టికలు ఉండాలన్నది. మన దేశంలోనే తేల్చుకొనని తేడాను బోస్టన్‌లోనో టొరంటోలోనో కాగితాలు చూచే ఉద్యోగి తేల్చుకోవాలనుట అత్యాశ. ఆ చట్టం ఎంత గట్టిగా అమలు జరిగితే మన సనదుకు పరదేశంలో అంత విలువ పెరుగుతుంది.

చట్టం ప్రభుత్వం చేతిలోనిది. కళాశాల చేతిలో ఉన్న పనులు కూడా కొన్ని ఉన్నవి. వాటిలో మొదటిది పేరు. మన విద్యార్థులలో ఒకే మనిషి పేరు పదవ తరగతి మెమోలో ఎం.డి. అని, ఇంటర్‌లో మొహ్‌ద్ అని, పాస్‌పోర్టులో మహమ్మద్ అని ఉండుట మనం చూడనిది కాదు. తెలుగువారి ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, మరొకచోట పూర్తి మాట. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలోనే పేరంతా వ్రాయబడి రెండవ గడి ఖాళీగా ఉంటే, అమెరికా వీసాలో అసలు పేరుండవలసినచోట ఎఫ్.ఎన్.యు. అని, అనగా పేరు తెలియదని, అచ్చు వేస్తారు. పేరున్న మనిషికి ఇంతకంటె అగౌరవమేమున్నది? కళాశాలలో చేరిన మొదటి నెలలోనే ప్రతి విద్యార్థి కాగితాలను సరిచూచి, తేడాలను దిద్దించుకొనుటకు తోడ్పడితే మున్ముందు ఎంతో కష్టం తప్పుతుంది.

రెండవది పాఠ్యప్రణాళిక. ఏ విషయం ఎన్ని గంటలు బోధించినారు, ప్రయోగశాలలో ఎన్ని గంటలు గడిచినవి అన్న వివరం విదేశాల్లో అడుగుతారు. పదేండ్ల క్రిందటి పాఠ్యప్రణాళిక పుస్తకం కార్యాలయంలో దొరకకపోతే ఆ చదువు చదవనట్లే లెక్క. మన ప్రథమ శ్రేణికి 60 మార్కులు చాలునన్న సంగతి కూడా వివరించి చెప్పేవారుండాలి. లేకున్న వారి కంటికి అది తక్కువ మార్కుగా కనబడుతుంది. మూడవది, బై.పి.సి. వారికి కలన గణితాన్ని, ఎం.పి.సి. వారికి జీవశాస్త్రాన్ని పరిచయం చేసే సాయంకాలపు తరగతులు. నాలుగవది ఆంగ్లం. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య నేర్పుతూనే ఆంగ్లాన్ని తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచింది. మాతృభాషలో చదువుట లోపం కాదనియు, ఆంగ్లం నేర్వకుండుట గొప్ప కాదనియు ఆ ఏర్పాటు మనకు చెబుతున్నది.

చివరగా విద్యార్థి మిత్రులు తమను తాము ప్రశ్నించుకోవలసిన మాట ఒకటి ఉన్నది. 1996 నుండి 2000 వరకు జరిగిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనంలో హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదులతో పాటు మన మహబూబ్‌నగర్ జిల్లా ప్రాంతం కూడా చేరి ఉన్నది. పరీక్షింపబడిన 10,293 మందిని బట్టి అంధత్వం 1.84 శాతమని తేలింది. ఆ అంధత్వంలో దాదాపు 16 శాతానికి కారణం వక్రీభవన దోషం, అనగా తగిన అద్దాలతో సరిదిద్దదగిన లోపం. 2016లో ఆ జిల్లా విడిపోయి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేర్వేరు జిల్లాలైనవి. వనపర్తిలోను, నాగర్‌కర్నూలులోను 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చినవి. 2018లోను, తిరిగి 2023లోను రాష్ట్రమంతట కంటి వెలుగు శిబిరాలు జరిగినప్పుడు ప్రతి బృందంలోను ఆప్టోమెట్రిస్టు అవసరమైనాడు. శిబిరం ఎత్తివేసిన మరునాడు ఆ ఊరికి ఎవరున్నారు?

గద్వాల చీరకు పట్టు అంచు జోడించే నేతగానికి నలుబది దాటగానే చత్వారం వస్తుంది. దారం కనబడకపోతే పని మందగిస్తుంది, కూలి తగ్గుతుంది. అస్సాం తేయాకు తోటలలో నలుబది దాటిన కూలీలకు దగ్గరి చూపు అద్దాలు ఇచ్చి చూడగా, అద్దాలు లేనివారికంటె వారి పని ఐదవ వంతుకు మించి పెరిగినట్లు 2018లో వెలువడిన పరిశోధన తేల్చింది. ఒక జత అద్దాలు ఒక ఇంటి కూలి మీద ఇంతటి ప్రభావం చూపగలవు.

దీనిని బట్టి ఎవరినీ పరదేశం పోవద్దని నేననుట లేదు. పోదలచినవారు పోవాలి; గౌరవంగా పోవాలి; నేర్చిన విద్యకు తగిన లెక్క కట్టుమని నిర్భయంగా అడగాలి. అయితే అప్పుచేసి బయలుదేరుటకు ముందు, అక్కడ ఎన్నేండ్లు మరల చదవవలసి ఉంటుందో, ఏ పట్టాకు ఏ అధికారం కలదో, ఎవరో చెప్పిన మాట మీద గాక స్వయంగా ఆ విద్యాలయాన్నే అడిగి తెలుసుకోవాలి. ఉండదలచినవారు సీటు రాక ఉండిపోయినవారమని క్రుంగవలసిన పనిలేదు. బోస్టన్‌లో చెల్లే సనదు కావాలన్నా, మగ్గం ముందు కూర్చున్న నేతగాని కంటికి సరియైన అద్దం అమరాలన్నా కావలసినది నమ్మదగిన శిక్షణ, ఆ శిక్షణకు కాగితం మీద రుజువు. ఈ రెండింటిని మన జిల్లాల విద్యార్థికి సమకూర్చే ప్రయత్నం వచ్చే విద్యాసంవత్సరమే మొదలు కావాలని కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి.