మన గుమ్మం వద్ద తప్పే లెక్క

ఎన్నికల తేదీలు ప్రకటించడమే ఆలస్యం, టీవీలలో గెలుపోటములు నిర్ణయమైపోతాయి. 2024 లోక్‌సభ పోలింగుకు ముందు వెలువడిన సర్వేలలో చాలావాటి ప్రకారం ఎన్.డి.ఎ. 350 స్థానాలు దాటవలసి ఉండెను. జూన్ 4న లెక్క తేలితే వచ్చినవి 293. ఇది మోసమా, పొరపాటా అని మమ్మల్ని చాలామంది అడుగుతున్నారు. ఎక్కడైనా మోసం ఉంటే ఉండవచ్చును. అది లేకున్నా ఈ లెక్క తప్పుతుంది.

గుమాస్తా ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మేము పోలింగు విధులు నిర్వర్తించాము. వేలికి సిరా పూసి అట్టచాటుకు పంపినప్పుడు ఓటరుకు ఉండే ధైర్యం వేరు. ముక్కూమొహం తెలియనివాడు వాకిట నిలిచి పేరు, మతం, ఫోను నంబరు రాసుకుంటూ అడిగినప్పుడు ఉండే ధైర్యం వేరు. గత ఎన్నికల ముందు మా వీధికి ట్యాబు పట్టుకొని వచ్చిన కుర్రవానికి పక్కింటి వృద్ధురాలు, "మీరు ఎవరికి వేయమంటే వారికే నాయనా" అని చెప్పి తలుపు వేసుకున్నది. పింఛను పోతుందని ఆమె భయం. ఆ జవాబు ఏ పార్టీ ఖాతాలో పడిందో! కూలికి పోయినవారు ఆ వేళకు ఇంట లేరు. పర్దా పాటించే స్త్రీలను అడగడానికి వెంట మరొక స్త్రీ రాలేదు. చెప్పనివారు కూడా చెప్పినవారివలెనే ఓటు వేస్తారని ఊహించుకుంటే లెక్క తప్పక ఏమవుతుంది? వయసు, కులం చూసి సరిచేస్తామంటారు. మౌనాన్ని దేనితో సరిచేస్తారు?

పోనీ, ఓట్ల శాతం సరిగానే పట్టుకున్నారనుకుందాము. ఆంధ్రప్రదేశ్ శాసనసభకు 2019లో 39 శాతం ఓట్లు పొందిన తెలుగుదేశానికి 23 స్థానాలు దక్కాయి. 2024లో అదే 39 శాతంతో వైఎస్సార్ కాంగ్రెస్‌కు దక్కినవి 11. లోక్‌సభలో 2019 నుండి 2024కు బి.జె.పి. ఓట్లు ఒక్క శాతమైనా తగ్గలేదు, సీట్లు మాత్రం 303 నుండి 240కి దిగాయి. వేయిమందిని అడిగిన సర్వేకు మూడు శాతం అటూఇటూ తప్పదని గణాంక శాస్త్రమే అంటున్నది. అయినా సీట్ల సంఖ్యను దండోరా వేస్తారు!

ఎగ్జిట్ పోల్స్‌ను చివరి దశ పోలింగు ముగిసేదాకా ప్రకటించరాదని ప్రజాప్రాతినిధ్య చట్టం నిషేధించింది. ముందస్తు సర్వేలకు మాత్రం పోలింగు ముగిసే వేళకు ముందరి 48 గంటలే అడ్డు. ఎందరిని అడిగారు, ఎందరు జవాబు నిరాకరించారు, ఖర్చు ఎవరు భరించారు అన్న మూడు సంగతులు ప్రకటించకుండా ఏ సర్వేనూ ప్రసారం చేయనీయరాదని మేము కోరుతున్నాము.

పోలింగునాడు ఓటరు చీటీలు పట్టుకొని మేము ఇల్లిల్లూ తిరిగినప్పుడు రెండిళ్లకు తాళాలు వేసి ఉన్నాయి. ఎలాగూ గెలిచేవారు గెలుస్తారని టీవీలో చెప్పారట. ఆ రెండిళ్లలో కలిపి పదకొండు ఓట్లు.