సీ డ్రైవ్ ఒక్కటే ఉందా? ఇలా పంచేయండి!

కొత్త ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే చాలామందికి కనిపించేది సీ డ్రైవ్ ఒక్కటే. తిరుపతిలో రూమ్ తీసుకుని చదువుకునేవాళ్ల సిస్టమ్స్ చూడండి... విండోస్, సినిమాలు, ఫైనలియర్ ప్రాజెక్టు అన్నీ అందులోనే! రేపు విండోస్ మొరాయించి సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టాల్సి వస్తే ప్రాజెక్టూ దాంతోపాటే పోతుంది. అందుకే డేటాకి వేరే పార్టిషన్ ఉండాలి. చేనికి మధ్యలో గెనిమ వేసినట్టన్నమాట. నేల పెరగదు గానీ, ఈ మడి దున్నితే ఆ మడి పంట పోదు.

దీనికి ఏ సాఫ్ట్‌వేరూ కొనక్కర్లేదు. విండోస్‌లోనే ఉంది.

ముందు జాగ్రత్తలు: ముఖ్యమైన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోనో, గూగుల్ డ్రైవ్‌లోనో కాపీ చేసుకోండి. ఛార్జర్ తగిలించండి. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ దగ్గర పెట్టుకోండి.

ఇక పనిలోకి దిగుదాం:

1. విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి ‘డిస్క్ మేనేజ్‌మెంట్’ తెరవండి.

2. సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ‘ష్రింక్ వాల్యూమ్’ ఎంచుకోండి.

3. ఎంత తగ్గించాలో ఎంబీల్లో అడుగుతుంది. 100 జీబీ కావాలంటే 102400 అని కొట్టండి. అప్‌డేట్ల కోసం సీలో కూడా కొంత ఖాళీ వదలండి.

4. ‘అన్‌అలొకేటెడ్’ అని ఖాళీ జాగా వస్తుంది. దానిమీద రైట్ క్లిక్ చేసి ‘న్యూ సింపుల్ వాల్యూమ్’ నొక్కండి. లెటర్ ఇచ్చి, ఎన్‌టీఎఫ్‌ఎస్ ఉంచి, ఫినిష్ కొట్టేయండి. అంతే!

ఖాళీ బోలెడుంది, అయినా కొంచెమే తగ్గిస్తానంటోందా? హైబర్నేషన్ ఫైల్, పేజ్ ఫైల్ లాంటివి కదలకుండా మధ్యలో కూర్చుంటే అంతే. హైబర్నేషన్ ఆపేసి, రీస్టార్ట్ చేసి మళ్లీ చూడండి.

ఈఎఫ్‌ఐ, రికవరీ అని రాసున్న చిన్న పార్టిషన్ల జోలికి మాత్రం పోవద్దు. పాత ఎంబీఆర్ డిస్కుల్లో ప్రైమరీ పార్టిషన్లు నాలుగుకి మించవు. అయిదోది పెట్టబోతే ‘డైనమిక్ డిస్క్‌’గా మార్చాలా అని అడుగుతుంది. ‘నో’ అనండి.

ఒక్క మాట... పార్టిషన్ వేరే అయినా డిస్కు ఒక్కటే. అది చెడిపోతే రెండూ పోతాయి. కాబట్టి ప్రాజెక్టు ఇంకో కాపీ బయట ఉండాల్సిందే. ల్యాప్‌టాప్ షాపులో ఇచ్చేటప్పుడు కూడా ‘సీ ఒక్కటే ఫార్మాట్ చేయన్నా’ అని గట్టిగా చెప్పండి.