ఇల్లు సరే... వీధిని చూశారా?

బదిలీ అయినా, కొత్త ఉద్యోగం వచ్చినా, చిన్నపిల్లలున్న సంసారం ఊరు మారుతోందంటే ఇంట్లో జరిగే చర్చ ఒకటే. ఆఫీసు ఎంత దూరం? అద్దె ఎంత? పేరున్న స్కూలు ఏది? ఈ మూడింటికీ జవాబు దొరికితే ఇల్లు కుదిరిపోయినట్టే. ఆ తర్వాత ఓ ఆదివారం మధ్యాహ్నం భార్యని తీసుకెళ్ళి చూపిస్తారు. ఆవిడ వంటగది గట్టు చూసి, బట్టలారేసుకునే చోటు చూసి, తూర్పు వాకిలో కాదో చూసుకుని సరేనంటుంది. మంచిరోజు చూసి పాలు పొంగిస్తారు.

ఆ వీధిలో రోజంతా గడపాల్సింది మాత్రం ఆవిడా, పిల్లలూ. మరి వాళ్ళ రోజు ఎలా గడుస్తుందన్న మాట ఆ చర్చలో ఒక్కసారైనా వచ్చిందా?

చిన్నపిల్లలున్నవాళ్ళు ఇంటి వేట మొదలుపెట్టాల్సింది ఈ ప్రశ్నతోనే అని నా అభిప్రాయం. అమ్మ చెయ్యి పట్టుకుని నడవగలిగినంత దూరమే అయిదారేళ్ళ పిల్లవాడి ప్రపంచం. ఆ దూరంలో బడి, ఆడుకునే చోటు, పిల్లల డాక్టరు, కూరల బజారు, బస్టాపు ఉంటే అది మంచి పేట. ఇవేవీ లేకపోతే ఎంత ముచ్చటైన ఫ్లాటైనా తల్లికి కాళ్ళు కట్టేసినట్టే!

హైదరాబాదు సంగతే తీసుకుందాం. ఖమ్మం నుంచో, కర్నూలు నుంచో, రాజమండ్రి నుంచో వచ్చే కుటుంబాల్లో చాలామందికి ఉద్యోగం మాదాపూర్, గచ్చిబౌలి వైపే. అక్కడి అద్దెలకి భయపడి కొందరు బాచుపల్లి వైపు, కొందరు కొల్లూరు వైపు పోతారు. కొత్త అపార్టుమెంటు, లిఫ్టు, పెద్ద హాలు. చూడగానే మనసు లాగేస్తుంది. కిందికి దిగాకే అసలు కథ. ఇలాంటి కొత్త చోట్ల చాలావాటిల్లో నడవడానికి ఫుట్‌పాత్ ఉండదు. సగం కట్టిన మేడలు, కంకర లారీలు, వీధికుక్కలు. కొత్తిమీర కట్టకి కూడా ఆయన బండి తీయాల్సిందే, లేదా ఫోన్లో తెప్పించుకోవాల్సిందే.

పిల్లల లెక్క చూడండి

అంత దూరంలో ఉన్న పిల్లలకి 'పేరున్న స్కూలు' బస్సులో గంట ప్రయాణం. పొద్దున గంట, సాయంత్రం గంట. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి అయిదు తరగతుల వాళ్ళకి ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 గంటల బోధన ఉండాలి. రోజుకి రెండు గంటల చొప్పున 200 రోజులంటే 400 గంటలు. అంటే పాఠం విన్న కాలంలో సగం మన పిల్లలు బస్సు కిటికీ దగ్గర కూర్చుంటున్నారన్నమాట! అదే చట్టం కింద 2010లో కేంద్రం చేసిన నిబంధనలు అయిదో తరగతి దాకా పిల్లలకి కిలోమీటరు నడక దూరంలో బడి ఉండాలన్నాయి. చిన్నపిల్లకి నడిచే దూరంలో చదువుండాలని సర్కారుకే తోచింది. మనకెందుకు తోచదు?

నడిచే దూరంలో ఉన్న బడి కొంచెం చిన్నదైనా నష్టం లేదంటాను. వచ్చి అన్నం తిని, ఓ గంట ఆడుకుని, అమ్మతో కబుర్లు చెప్పుకునే పిల్లలు హోంవర్కు దగ్గర కునికిపాట్లు పడరు. పేరు సంగతి హైస్కూల్లో చూసుకోవచ్చు.

ఇక తల్లి సంగతి. సొంత ఊళ్ళో చిన్నదో పెద్దదో ఉద్యోగం చేసుకుంటున్న అమ్మాయిలు ఊరు మారాక మానేసి కూర్చోవడం మనమంతా చూస్తున్నదే. 'పిల్లలు చిన్నవాళ్ళు కదా' అంటారు. పిల్లలు చిన్నవాళ్ళే, నిజమే. కానీ ఆమె ఉద్యోగం పోవడానికి చాలాసార్లు అసలు కారణం ఇల్లున్న చోటు. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి, 50 మంది అంతకు పైన ఉద్యోగులున్న సంస్థల్లో పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. మంచి మాటే. ఇల్లు పాతిక కిలోమీటర్ల దూరాన ఉంటే రెండేళ్ళ పిల్లని రోజూ ఎలా మోసుకెళ్ళడం? తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రాలో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితం. కాలనీ మొగదాకా ఆ బస్సు రాకపోతే ఏం లాభం?

అద్దె ఒక్కటే ఖర్చా?

"దగ్గర్లో అద్దెలు ఎక్కువ, మా జీతానికి ఎక్కడ కుదురుతుంది?" అంటారు. ఆ బాధ నిజమైనదే. కాకపోతే లెక్క పూర్తిగా వెయ్యాలి. దూరపు ఇంటికి అద్దెతో పాటు స్కూలు బస్సు, పెట్రోలు, ఆటోలు, వేసవిలో నీళ్ళ ట్యాంకరు, వీటన్నిటినీ మించి ఆమె మానేసిన జీతం కలపండి. అప్పుడు పక్కన పెట్టి చూస్తే ఒక గది తక్కువున్న పాత ఇల్లే చవగ్గా తేలొచ్చు. ఊరి చివర ఫ్లాటు కొన్నారా? సంతోషం. దాన్ని అద్దెకిచ్చి పిల్లలు కాస్త ఎదిగేదాకా మీరు ఊళ్ళో అద్దెకుండండి. తప్పేం లేదు.

పాత కాలనీలని చులకనగా చూడకండి. కూకట్‌పల్లి హౌసింగ్‌బోర్డు, వనస్థలిపురం లాంటి చోట్ల ఇళ్ళు కొంచెం పాతవే. కానీ బడులూ, బజారూ, బస్సులూ ఏనాడో వచ్చాయి. ఆఫీసు దూరమవుతుందా? పెద్దవాళ్ళు ప్రయాణం చెయ్యగలరు, పసివాళ్ళు చెయ్యలేరు. 2019 నుంచి మెట్రో హైటెక్ సిటీ దాకా వెళ్తోంది. ఉప్పల్లో ఎక్కితే మారకుండా దిగొచ్చు. ఎల్బీనగర్లో ఎక్కితే అమీర్‌పేటలో మారాలి, అంతే. పుట్టింటివాళ్ళో, అత్తింటివాళ్ళో ఉన్న పేట అయితే మరీ మంచిది. జ్వరం వచ్చిన పిల్లని అమ్మమ్మకి అప్పగించి వెళ్ళగలగడం కంటే సదుపాయం ఏముంది?

ఇల్లు చూడ్డానికి ఆదివారం మధ్యాహ్నం వెళ్ళకండి. మామూలు రోజు పొద్దున్న ఎనిమిదింటికి ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి వెళ్ళండి. పిల్లని వెంటబెట్టుకుని ఆ బడిదాకా నడవండి. వీధి దీపాలు వెలుగుతున్నాయా? పార్కు అని బోర్డున్న చోట పార్కుందా, చెత్తకుప్ప ఉందా? బ్రోకర్ని అడిగితే అన్నీ బాగానే ఉన్నాయంటాడు. కిరాణా కొట్టాయన్ని, పంపు దగ్గర ఆడవాళ్ళని అడగండి. నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయా? వానొస్తే ఎంతవరకు నిలుస్తాయి? ఈ చివరిది తప్పకుండా అడగండి. 2020 అక్టోబరు వానలకి టోలిచౌకి నదీం కాలనీ, సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. చెరువు కిందో, నాలా పక్కనో చవగ్గా వచ్చే ఇల్లు పసిపిల్లలకి పనికిరాదు. అన్నీ నచ్చినా కొనడానికి తొందరపడకండి. పదకొండు నెలల అద్దె ఒప్పందం ఉండనే ఉంది. ఓ వానాకాలం, ఓ ఎండాకాలం గడిస్తే పేట గుణం తెలుస్తుంది.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు మారి చూడు అని కూడా అనాల్సింది! ఆ మార్పులో ఎక్కువ బరువు మోసేది ఆడవాళ్ళే అయినప్పుడు మొదటి మాట కూడా వాళ్ళదే కావాలి. కాబట్టి అమ్మాయిలూ, ఇల్లు ఖాయమయ్యాక చూసి రావడానికి కాదు, వెతకడానికే బయల్దేరండి. "ఇక్కడ నా రోజు ఎలా గడుస్తుంది? నా పిల్లలు ఎక్కడ ఆడుకుంటారు?" అని గట్టిగా అడగండి. అడ్వాన్సు ఇచ్చాక అడిగితే లాభం లేదు.