చూచి గీయుట

రొయ్యను చూడనివారు సముద్రతీరపు గ్రామములలో ఉండరు. కాని రొయ్యకు కాళ్లెన్ని యని అడిగినచో తడుముకొనక చెప్పగలవారు కొలదిమందియే. నడచుటకు ఐదు జతల కాళ్లును, ఈదుటకు పొట్టక్రింద తెడ్లవంటి ఐదు జతల అవయవములును దానికి కలవు. సాలెపురుగు సంగతియు నట్టిదే. దాని ఎనిమిది కాళ్లును శరీరపు ముందుభాగమునుండియే బయలుదేరును; పిల్లలు తలచుకొని గీసిన బొమ్మలలో అవి తరచుగా పొట్టకు అంటుకొని యుండును. ప్రతిదినము కంటబడు జీవుల విషయముననే ఇట్టి పొరపాట్లు జరుగుచున్నవి. కనుక చూచుట వేరు, గమనించుట వేరు. ఈ రెంటికిని నడుమ నున్న దూరమును దాటించుటకు చిత్రలేఖనమును మించిన సాధనము లేదు. జంతుశాస్త్రము నేర్చు ప్రతి విద్యార్థియు, చిత్రకారుడు కాకపోయినను, జీవులను చూచి గీయుట నభ్యసింపవలెను.

పాఠశాలలలో జంతువుల బొమ్మలు గీయుట లేదనుటకు వీలులేదు. విద్యార్థుల రికార్డు పుస్తకములు బొమ్మలతో నిండియే యుండును. కాని వానిలో అధికభాగము పాఠ్యపుస్తకమునుండియో, నల్లబల్లనుండియో దింపుకొనినవి. బొమ్మను చూచి గీసిన బొమ్మ చేతికి కొంత నేర్పు నీయవచ్చును. కంటికి మాత్రము ఏమియు నేర్పదు. అంతేకాక, మొదటి బొమ్మలో తప్పున్నచో అది తరతరములకు సంక్రమించును.

ఇందుకు ప్రసిద్ధమైన నిదర్శన మొకటి కలదు. గుజరాతు సుల్తాను పోర్చుగీసువారికి కానుకగా నిచ్చిన ఖడ్గమృగ మొకటి 1515లో ఓడమీద గోవానుండి లిస్బను నగరమునకు చేరెను. అట్టి జంతువును ఆనాటి యూరపు ప్రజలు ఎరుగరు. దానిని గూర్చిన వర్ణనయు, ఒక చిన్న చిత్తుబొమ్మయు జర్మనీలోని డ్యూరరు అను మహాచిత్రకారునికి అందెను. ఆయన జంతువును చూడకయే దాని బొమ్మను చెక్కముద్రగా వెలువరించెను. అందు ఖడ్గమృగము ఇనుపకవచము తొడిగిన యోధునివలె నున్నది. ముక్కుపై కొమ్ము చాలక, భుజములపై మరియొక చిన్న కొమ్మును మొలచినది. భారతదేశపు ఖడ్గమృగమునకు అట్టి రెండవ కొమ్ము లేదు. అయినను బొమ్మ గంభీరముగా నుండుటచే ఇంచుమించు రెండు శతాబ్దములకు పైగా గ్రంథకర్తలు దానినే మరల మరల ముద్రించిరి. చేయి యెంత నేర్పు గలదైనను, కన్ను చూడనిదానిని అది సరిదిద్దలేదు.

చూచి గీసినందువలన కలిగిన మేలునకు తెలుగుదేశమే సాక్ష్యము. స్కాట్లండు దేశీయుడైన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు 1780 తరువాతి దశాబ్దమున విశాఖపట్టణమున నివసించి, ఈస్టిండియా కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా పనిచేసెను. పాముకాటువలన జనులు మరణించుట చూచి, విషసర్పములను నిర్విషసర్పములనుండి వేరుపరచుటకు పూనుకొనెను. పామును గూర్చి ఎన్ని మాటలు వ్రాసినను చాలవు. కట్లపామునకును, దానిని పోలిన కొన్ని విషము లేని పాములకును చారలు ఇంచుమించు ఒకే తీరున నుండును. కట్లపాము వీపు నడుమ పెద్దపొలుసుల వరుస యొకటి యుండును. ఆ వరుసను విడిచి గీసిన బొమ్మ చూచువానిని మోసగించును. ఆ మోసము ప్రాణాంతకము కావచ్చును. అందుచే రస్సెల్ సర్పముల చిత్రములను జాగ్రత్తగా వ్రాయించి, వర్ణనలతో 1796లో గ్రంథముగా ప్రకటించెను.

ఆయన స్థానికులు చెప్పిన తెలుగు పేర్లను విడువలేదు. నేడు రక్తపింజరి యనబడు పామును ‘కాటుక రేకుల పొడ’ అను పేరుతో ఆ గ్రంథమున వర్ణించెను. కట్లపాముల జాతికి ప్రపంచమంతట చెల్లుచున్న ‘బంగారస్’ అను శాస్త్రనామము, ఆయన విని వ్రాసికొనిన తెలుగుమాట ‘బంగారు’ నుండి వచ్చినదే. 1803లో విశాఖపట్టణపు చేపలు రెండువందలను గూర్చి ఆయన గ్రంథము వెలువడెను. అందలి బొమ్మలు ఈ దేశపు చిత్రకారుడు గీసినవి. తరువాతి శాస్త్రజ్ఞులు వానిని ఆధారముగా గైకొని కొన్ని చేపలకు శాస్త్రనామము లుంచిరి. గ్రంథముఖమున రస్సెల్ పేరే కలదు. కాని ప్రతి పొలుసును, ప్రతి రెక్కను ఓపికతో చూచిన కన్ను ఆ చిత్రకారునిది.

గీయుట తెలిసినదానిని చూపుటకే కాక, తెలియనిదానిని కనుగొనుటకును తోడ్పడును. అమెరికాలో అగాసిజ్ అను జంతుశాస్త్రాచార్యుడు తన శిష్యుడైన స్కడ్డరుకు ఒక చేపనిచ్చి, దానిని చూచుచుండుమని చెప్పి వెడలిపోయెను. సూక్ష్మదర్శినిని వాడరాదు, పుస్తకమును తెరువరాదు. కొలదిసేపటికే చూడవలసినదంతయు చూచితినని శిష్యుడు తలచెను. గంటలు గడచిన పిమ్మట విసుగుచెంది ఆ చేపను గీయ నారంభించెను. అంతట కొత్త కొత్త విశేషములు అతనికి కనబడసాగినవి. మరునాటికి గాని ఆ చేప యొక్క రెండు ప్రక్కలును సమానముగా నున్నవనియు, అవయవములు జతలుగా నున్నవనియు అతనికి స్ఫురింపలేదు. ఈ అనుభవమును స్కడ్డరు 1874లో ప్రకటించెను. ఆతడే తరువాత కీటకశాస్త్రమున గొప్ప పండితుడయ్యెను.

ఛాయాచిత్రము క్షణములో లభించుచుండగా ఇంత శ్రమ యేలయని కొందరు ప్రశ్నింతురు. ఛాయాచిత్రము మిక్కిలి ఉపకారియే. కాని అది సమస్తమును తానే గ్రహించి, చూచువానిని చూడకయే యుండనిచ్చును. గీయువాడో, గీత గీతకును ఒక ప్రశ్నకు సమాధానము చెప్పవలసియుండును. ఈ రెక్క ఎక్కడ మొదలగును? ఇందు ముండ్లెన్ని? ఈ గీత తోకవరకు పోవునా, నడుమనే ఆగునా? నేటికిని కొత్త జీవులను వర్ణించు శాస్త్రజ్ఞులు ఛాయాచిత్రములతోపాటు రేఖాచిత్రములను ప్రకటించుచున్నారు.

చేయి తిరుగదని మరికొందరు వెనుదీయుదురు. ఇక్కడ కావలసినది అందము కాదు, నిజము. అందమైన చేయి సయితము త్రోవ తప్పవచ్చును. సముద్రపు సూక్ష్మజీవులను అద్భుతముగా చిత్రించిన హెకెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు, 1868 నాటి తన గ్రంథమున కుక్క, కోడి, తాబేలు పిండములు తొలిదశలో ఒకే రీతి నుండునని చూపుటకు ఒకే అచ్చుదిమ్మను మూడుమారులు ముద్రింపించెను. తోటి శాస్త్రజ్ఞులు దానిని గుర్తించి ఆక్షేపించిరి. చూడదలచినదానిని గాక, చూచినదానినే గీయవలెను. వంకరగీతలతో గీసినను, కాళ్ల లెక్క సరిగా నున్న పీతబొమ్మ శాస్త్రమునకు పనికివచ్చును.

ఈ అభ్యాసమునకు పెద్ద సామగ్రి అక్కరలేదు. ఒక పెన్సిలు, కొన్ని తెల్లకాగితములు చాలును. ఇంటికి తెచ్చిన చేప వంటకు పోవుటకు ముందు అరగంట విద్యార్థి ముందుండవచ్చును. బొమ్మప్రక్కన తేదీ, స్థలము, కొలత, అమ్మినవారు చెప్పిన పేరు వ్రాసికొనవలెను. కనబడని భాగమును ఊహించి నింపక ఖాళీగా విడువవలెను. పాములను, జెల్లీచేపలను, తెలియని గవ్వపురుగులను తాకరాదు. బ్రదికియున్న ప్రాణిని బొమ్మకొరకు హింసింపరాదు. గీసిన పిమ్మటనే పాఠ్యపుస్తకమును తెరచి సరిచూచుకొనవలెను. అప్పుడు పుస్తకము చెప్పినదెల్ల విద్యార్థికి విన్నమాటగా గాక, తాను కన్నమాటగా నిలిచియుండును.