క్రిస్మస్ తాత జాబులు

డిసెంబరు మాసము సమీపించుచుండగా అమెరికా, కెనడా, ఇంగ్లండు దేశములలో ఒక చిన్న వర్తకము తలయెత్తును. ఏడాదిలో ఆరేడు వారములకు మించి అది సాగదు. తల్లిదండ్రులు తమ బిడ్డ పేరు, వయస్సు, ఆ యేడు ఆ బిడ్డ చేసిన మంచిపని యొకటి వ్రాసి పంపి, కొంత పైకము చెల్లింతురు. పండుగకు ముందే ఉత్తర ధ్రువమునుండి శాంటాక్లాజ్ తాత స్వయముగా వ్రాసినట్లు ఆ బిడ్డపేర ఒక ఉత్తరము తపాలాలో వచ్చి చేరును. కాగితములు, కవర్లు, తపాలా బిళ్లలు, చక్కని దస్తూరి ఉన్నచో చాలును; ఇంతకంటె పెట్టుబడి యక్కరలేదు. కనుకనే ఇంటిపట్టున నుండి నాలుగు రాళ్లు సంపాదింప గోరువారిని ఈ పని ఆకర్షించుచున్నది.

పసివాని నమ్మకమును సరకుగా జేసి యమ్ముట తగునా యను ప్రశ్న ఇచ్చట పుట్టక మానదు. అది ఊరక త్రోసివేయదగినది గాదు. ఉత్తరము వ్రాసిన తాత నిజముగా లేడని ఆ బిడ్డ ఎనిమిదవ యేటనో తొమ్మిదవ యేటనో ఎట్లును గ్రహించును. ఆ పిమ్మట ఎప్పుడో పెట్టె సర్దుకొనుచు పాత ఉత్తరమును తీసి మరల చదువుకొనును. అప్పుడు వానికి అందులో ఏమి మిగులును? ఈ వర్తకపు మంచిచెడ్డలను తూచుటకు ఇంతకంటె సరియైన త్రాసు లేదు.

పిల్లల జాబులకు జవాబిచ్చుట మొదట వర్తకముగా పుట్టలేదు. అమెరికాలో శాంటాక్లాజ్ పేర వచ్చిన జాబులు చేర్పవలసిన చోటు లేక తపాలా కచేరీలలో పడియుండెడివి. 1912లో పోస్టుమాస్టరు జనరల్ ఫ్రాంక్ హిచ్‌కాక్ వానికి తపాలా ఉద్యోగులును, పౌరులును జవాబు లీయవచ్చునని అనుమతించెను. ఇండియానా రాష్ట్రమున శాంటాక్లాజ్ అను పేరుగల చిన్న యూరొకటి కలదు. అచ్చటి పోస్టుమాస్టరు జేమ్స్ మార్టిన్ 1914 ప్రాంతమున పిల్లలకు ప్రత్యుత్తరములు వ్రాయ నారంభించెను; ఆ యాచారమును స్వచ్ఛంద సేవకులు నేటికిని నడుపుచున్నారు. కెనడా తపాలా శాఖ 1982 నుండి దేశమంతటి పిల్లలకు ఉచితముగా జవాబులు పంపుచు, ‘హో హో హో’ యను తాత నవ్వును తలపించు తపాలా సంకేతమును గూడ ఆయనకు కేటాయించినది.

అయినను, ధర్మకార్యమను పేరున్నంత మాత్రమున ఏదియు నిష్కళంకము గాదు. 1913లో న్యూయార్కు నగరమున జాన్ డువాల్ గ్లక్ అను నతడు శాంటాక్లాజ్ సంఘమును స్థాపించి, తపాలా కచేరీలో చేరిన పిల్లల జాబులను దాతల కందించుచు గొప్ప పేరు తెచ్చుకొనెను. కాలక్రమమున చందాలు పెరిగెను. లెక్కలు మాత్రము తేలవయ్యెను. 1928లో తపాలా శాఖ ఆ సంఘమునకు జాబు లిచ్చుట మానివేసెను. దీనినిబట్టి చూడగా, సొమ్ము పుచ్చుకొనుట దోషము గాదు. దేనికొరకు పుచ్చుకొనిరో దానిని చేయకపోవుట దోషము.

ఉచితముగా దొరకుదానికి వెల యెందుకని కొంద రడుగవచ్చును. తల్లిదండ్రులే ఉత్తరము వ్రాసి అలాస్కాలోని ఆంకరేజ్ నగరపు తపాలా కచేరికి పంపినచో, దానిపై ‘నార్త్ పోల్’ ముద్ర వేసి యింటికి పంపు సదుపాయము సహితము అమెరికాలో కలదు. కాబట్టి ముద్రను జూపి వెల యడుగ వీలులేదు. రంగుల కాగితము బజారులో దొరకును. అయితే లక్షలకొలది జాబులకు బదులు చెప్పు సంస్థ ఒక్కొక్క బిడ్డ సంగతి విచారించి వ్రాయజాలదు. ఆ లోటును తీర్చగలిగిననాడే ఈ చిన్న వర్తకునకు కూలి యడుగు హక్కు కలుగును.

ఆంగ్ల రచయిత జె. ఆర్. ఆర్. టోల్కీన్ 1920 మొదలు 1943 వరకు తన బిడ్డలకు ఏటేట క్రిస్మస్ తాత పేర ఉత్తరములు వ్రాసెను. చలికి వణకు ముసలిచేతి దస్తూరి, స్వయముగా చిత్రించిన తపాలా బిళ్లలు, ధ్రువపు ఎలుగుబంటి చేసిన అల్లరి పనులు అందు గలవు. పిల్లలు పెద్దవారై నిజ మెరిగినను అవి చెత్తబుట్టలో పడలేదు. తండ్రి గతించిన మూడేండ్లకు, 1976లో, గ్రంథముగా వెలువడినవి.

కూలికి వ్రాయువాడు తండ్రి కాజాలడు. తండ్రికి లేఖకుడు కాగలడు. పూర్వము తెలుగునాట తపాలా కచేరి ముంగిట కూర్చుండి, చదువురాని తల్లి చెప్పినది పట్టణమందలి కొడుకునకు వ్రాసిపెట్టి అణాయో బేడయో పుచ్చుకొనినవారిని ఎవరును దూషింపలేదు. వారు తల్లి మాటను తల్లి మాటగానే పంపిరి. క్రిస్మస్ తాత జాబు వ్రాయువాడును తల్లిదండ్రులు గమనించిన సంగతినే కాగితముపై పెట్టవలెను. జబ్బుపడిన చెల్లెలికి తన బొమ్మ నిచ్చిన వైనము అందున్నచో, తాత మాయమైన పిమ్మటను తన్ను ఇంటిలో ఒకరు గమనించిరను సత్యము బిడ్డకు మిగులును.

ఇట్టి పని విస్తారముగా సాగదు. ఒక్కొక్క ఉత్తరమునకు అరగంట పట్టు ననుకొన్నచో, దినమునకు నాలుగు గంటలు కూర్చున్నవాడు ఎనిమిది వ్రాయును. ముప్పది దినములలో 240. ఆశకొలది అంతకుమించి ఒప్పుకొన్నవాడు పేరు మాత్రము మార్చి ఒకే ఉత్తరమును అందరకు పంపును. నేడు కంప్యూటరు ఆ పనిని క్షణములో చేసిపెట్టుచున్నది. అట్టి జాబులు ఒకే తరగతిలోని యిద్దరకు చేరి, వారు ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొన్నచో గుట్టు బయటపడును.

మరి మూడు నియమములు తప్పనివి. తల్లిదండ్రులు కొనలేని బహుమానమును తాతచే వాగ్దానము చేయింపరాదు. చెడ్డపిల్లల జాబితాలో చేర్తునని బెదరింపరాదు. బిడ్డ పేరును, చిరునామాను పరుల కీయరాదు. అమెరికా తపాలా శాఖయు నేడు పిల్లల జాబులను దాతలకు చూపుటకు ముందు ఇంటిపేర్లు, చిరునామాలు తొలగించుచున్నది.

తెలుగు బడులలోను ఉత్తరలేఖనము నేర్పుచున్నారు. సెలవు కోరుచు ప్రధానోపాధ్యాయునకు, విహారయాత్రను వర్ణించుచు మిత్రునకు పిల్లలు వ్రాయుదురు, మార్కులు పడును, జవాబు రాదు. జవాబు రాని ఉత్తరము పాఠమై మిగులును గాని ఉత్తరము కాజాలదు. సంక్రాంతి సెలవులలో ఉపాధ్యాయుడు తన తరగతిలోని ఒక్కొక్క బిడ్డకు, ఆ బిడ్డను గూర్చియే రెండు వాక్యములు కార్డుపై వ్రాసి పంపవచ్చును. అందులకు తాత వేషము అక్కరలేదు. క్రింద తన సంతకమే చాలును.