పోలో సోకు, మారేడుమిల్లి ఘాట్

కొత్తగూడెం, పాల్వంచ దాటి భద్రాచలం వైపు ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ నడపడం ఓ సరదా. 2013లో వచ్చిన ఆ బండి 1.2 లీటర్ల చిన్న ఇంజిన్‌తోనే 105 హార్స్‌పవర్ ఇచ్చింది. తలుపు వేస్తే వచ్చే బరువైన చప్పుడుకే సగం మంది పడిపోయారు!

గోదావరి వంతెన దాటి, చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం లెక్క మారుతుంది. దాని ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్‌లో ఉన్నవి డ్రై క్లచ్‌లు. ఆగి ఆగి ఎక్కిస్తే వేడెక్కుతాయి. మొరాయిస్తే కంపెనీ వర్క్‌షాపులో కంప్యూటర్ తగిలించాల్సిందే. చుట్టూ అడవి, వెనక సీట్లో పిల్లలు, నాయనమ్మ. అదే పాత బొలెరో అయితే రోడ్డు పక్క మెకానిక్కే ఏదో ఒకటి చేసి పంపిస్తాడు.

అలాగని యూరప్ ఇంజిన్లన్నీ నాజూకువి అనుకోనక్కర్లేదు. 2007లో వచ్చిన మారుతి స్విఫ్ట్ డీజిల్లో ఉన్నది ఇటలీ ఫియట్ వారి 1.3 మల్టీజెట్టే. ఫియట్ పుంటోలోనూ అదే. స్విఫ్ట్‌ను జనం కళ్లు మూసుకుని కొన్నారు, పుంటోను చూసి ముచ్చటపడి వదిలేశారు. 2019లో ఫియట్ మన దేశంలో కార్ల అమ్మకాలే ఆపేసింది. తేడా ఇంజిన్లో లేదు, ఊరూరా దొరికే స్పేర్ పార్టుల్లో ఉంది.

పోలో తయారీ ఇక్కడ 2022లో ఆగిపోయింది. సెకండ్‌హ్యాండ్‌లో మనసు పడితే మాన్యువల్ గేర్లది వెతకండి. సర్వీసు రికార్డు చూపించనివాళ్ల దగ్గర అడ్వాన్సు ఇవ్వకండి. రంగు ఎంత మెరిసినా సరే!